మినహాయింపు అడగని మాట

ఏప్రిల్ 12, ఆదివారం

ఈ దక్షిణపు కొసన ఏప్రిల్ అంటే చలి మొదలు; కొండ మీద మంచు సగం దాకా దిగింది. పొయ్యి వెలిగించడానికి గంట పట్టింది. సన్నపుల్లలు చీల్చడం మెరిల్ పని. నేను చీలిస్తే లావుగా వస్తాయి, అంటుకోవు.

మంగళవారం నుంచి సభ. ఫిబ్రవరిలో మెరిల్ పోయాక నేను పూర్తిగా హాజరవడం ఇదే మొదలు. డామియన్ ఫోన్ చేశాడు. "విప్ పని బరువనిపిస్తే చెప్పండి రస్, కొన్నాళ్ళు టామ్సిన్ చూసుకుంటుంది. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు. మా నాయకుడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. మంచిగానే అడిగాడు.

వద్దన్నాను. మా వాళ్ళలో ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బయట ఉన్నారు అని చూసుకోవడం తప్ప ఇప్పుడు నాకు చేతనయ్యేది ఇంకేం లేదు.

ఏప్రిల్ 14, మంగళవారం

మధ్యాహ్నం సభ వెనక టీ గదిలో కూర్చుంటే నోలీన్ వచ్చి ఎదురుగా కూర్చుంది. అల్లిక సంచీ బల్ల మీద పెట్టింది. ప్రభుత్వ పక్షం విప్ ఆమె. ఇన్నేళ్ళుగా ఒకరి మనుషుల్ని ఒకరం లెక్కపెట్టుకుంటూ ముసలివాళ్ళమయ్యాం.

"ఏంటది?" అంది నా పళ్ళెం చూసి.

"బ్రెడ్డు."

"అది తిండి కాదు, జైలు శిక్ష. కూర తెచ్చుకోకూడదూ?"

"మీ ప్రభుత్వం నడుపుతున్న క్యాంటీనే కదా. ఇదే ఇస్తున్నారు."

"మీరున్నప్పుడూ సూపులో ఇన్నే నీళ్ళుండేవి బాబూ. పదేళ్ళయింది కదా, మర్చిపోయుంటావు." కాసేపు అల్లింది. తర్వాత తల ఎత్తకుండా, "నాకొక జత కావాలి" అంది.

వాళ్ళ సభ్యుడు ఒకడు రాలేకపోతే మా సభ్యుడు ఒకడు కూడా ఓటు వెయ్యకుండా బయట కూర్చుంటాడు. ఓటుకి ఓటు చెల్లు. దీనికి కాగితం ఉండదు. ఇద్దరు విప్‌లు చేతులు కలిపితే అయిపోతుంది.

"ఎవరికి?"

"తిట్టకు. కెస్టర్‌కి."

కెస్టర్ గోర్లే. నవంబరులో నేను ఆస్పత్రిలో మెరిల్ మంచం పక్కన ఉన్నప్పుడు సభలో లేచి, "ఎదుటి పక్షం విప్ గారు ప్రజల సొమ్ముతో సెలవుల్లో ఉన్నారు" అన్నవాడు. మర్నాడు మెరిల్ అది పేపర్లో చదివింది. "సెలవులకి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా రస్? కిటికీలోంచి సముద్రమైనా కనబడదు" అని నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, నర్సు కోసం గంట కొట్టాల్సి వచ్చింది. నర్సు రావడానికి చాలాసేపు పట్టింది.

"వాళ్ళ నాన్న పోతున్నాడు" అంది నోలీన్. "ఫ్లిండర్స్ దీవిలో. ఆస్పత్రికి రానన్నాడట ముసలాయన, ఇంట్లోనే పోతానన్నాడట. కెస్టర్ నిన్న విమానంలో వెళ్ళాడు."

"ఎన్నాళ్ళు?"

"అయిందాకా."

"సరే."

చెయ్యి కలిపింది. టీ కప్పు పట్టుకున్న చెయ్యి, వెచ్చగా ఉంది.

జత ఇచ్చేటప్పుడు ఒక మాట కలపాలి: అవిశ్వాస తీర్మానం వస్తే ఇది చెల్లదు. మినహాయింపు. కొత్తగా వచ్చిన విప్‌కి మొదటిరోజు నేర్పేది అదే. అనడం మర్చిపోయాను. ఫరవాలేదు, ఇప్పట్లో అవిశ్వాసం పెట్టేవాళ్ళెవరూ లేరు.

ఏప్రిల్ 15, బుధవారం

మా వైపు నుంచి బయట కూర్చునేది నేనే అని చెప్పాను. కెస్టర్ కోసం కూర్చోమని ఇంకెవరినీ అడగలేను.

ఏప్రిల్ 16, గురువారం

ఆల్బీ తిరగబడ్డాడు. స్వతంత్ర సభ్యుడు, ఇన్నాళ్ళూ ఆయన ఒక్కడి ఓటు మీదే ప్రభుత్వం నిలబడి ఉంది. వాళ్ళ ఊరి దగ్గర సముద్రంలో చేపల పెంపకం పంజరాలు ఇంకా పెంచడానికి అనుమతిచ్చారని కోపం. "ఇకమీద నేను ఎటూ వెయ్యను. మీరూ మీరూ తేల్చుకోండి" అని పొద్దున్నే రేడియోలో చెప్పేశాడు.

పదకొండింటికల్లా డామియన్ అవిశ్వాస తీర్మానానికి నోటీసు ఇచ్చాడు. వచ్చే గురువారం ఓటు.

మా పార్టీ గదిలో పెళ్ళిసందడి. డామియన్ తెల్లబోర్డు మీద రాశాడు. మేము పదిహేడు, వాళ్ళు పదిహేడు. "సమానమైతే తీర్మానం వీగిపోతుంది. కానీ మిత్రులారా, ఒకాయన దీవిలో ఉన్నాడు" అని వాళ్ళ పదిహేడు కొట్టేసి పదహారు వేశాడు. బల్లలు చరిచారు. పదేళ్ళయింది మరి.

"గోర్లేకి జత ఉంది" అన్నాను.

"ఉంది, మామూలు ఓట్లకి. అవిశ్వాసం మినహా కదా."

"మినహా అనలేదు."

"ఏమనలేదు?"

"మినహాయింపు అడగలేదు. జత అన్నాను, చెయ్యి కలిపాను. అంతే."

గది మెల్లగా చల్లబడింది. వెనకనుంచి ఎవరో "చచ్చాం" అన్నారు.

"రస్, మీరు పద్నాలుగేళ్ళుగా విప్" అన్నాడు డామియన్. "అదెలా మర్చిపోతారు?"

"మర్చిపోయాను."

అందరూ వెళ్ళాక తలుపు వేసి నా పక్కన కూర్చున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మెరిల్ ఉన్న వార్డులో రాత్రిపూట ఒక్క నర్సే ఉండేదని మీరే చెప్పారు నాకు. ఈ ప్రభుత్వం తీసేసిన నర్సుల్ని మనం అధికారంలోకి వచ్చిన వారంలోనే వెనక్కి తెస్తాను. అది గోర్లే గాడి కోసం వదులుకుంటారా? మీ గురించి ఏమన్నాడో నాకు గుర్తుంది. మీకు లేదా?"

ఉంది. రెండూ గుర్తున్నాయి.

ఏప్రిల్ 17, శుక్రవారం

నా మాట వెనక్కిమ్మని నోలీన్‌ని అడిగితే సరిపోతుంది. సోమవారం అడుగుతాను.

ఏప్రిల్ 18, శనివారం

టామ్సిన్ గుమ్మడికాయ సూపు తెచ్చింది. నా దగ్గర డిప్యూటీ. ఒకప్పుడు హైస్కూల్లో నా దగ్గర చరిత్ర చదివింది, ఇప్పటికీ సార్ అనే పిలుస్తుంది. డామియన్ పంపాడా అంటే, "సూపు నాది, మాటలు ఆయనవి" అంది.

నేను పొయ్యితో కుస్తీ పడుతుంటే చేతిలోంచి గొడ్డలి లాక్కుని పెరట్లోకి వెళ్ళి పుల్లలు చీలుస్తూ మాట్లాడింది.

"రూల్సు మొత్తం చదివాను సార్. జత అనే మాటే లేదు ఎక్కడా."

"లేదు."

"మరి తప్పితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఎవరూ ఏం చెయ్యలేరు."

"అదీ." ఒక దెబ్బ వేసింది. "సార్, ఏమీ అనుకోకండి. ఒక ముసలాయన పక్కన కొడుకు కూర్చోవడం ఒకవైపు. మొత్తం రాష్ట్రం ఒకవైపు. మీరు క్లాసులో ఇలాంటిది ఇచ్చి రాయమంటే నేను రెండో వైపే రాసేదాన్ని."

"మార్కులు వేసేవాణ్ణి."

"అందుకే చెప్తున్నా." ఇంకో దెబ్బ. "మేడమ్ ఉంటే ఏమనేవారు?"

"మెరిల్ వాళ్ళకే ఓటేసేది."

గొడ్డలి గాల్లో ఆగిపోయింది. "ఎవరికి?"

"నోలీన్ వాళ్ళకి. పెళ్ళయినప్పట్నుంచీ. వాళ్ళ నాన్న, తాత అందరూ అటే."

"విప్ గారి భార్య! మా పోస్టర్లన్నీ అతికించారు కదా సార్ ఆవిడ! నాతో కలిసి అతికించారు!"

"మైదాపిండి జిగురు నీకు చేతకాదని అతికించింది. ఓటు సంగతి వేరు."

నవ్వీ నవ్వీ కట్టెల మీద కూర్చుంది. నేనూ నవ్వాను. ప్రతి ఎన్నికకీ ఇద్దరం ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. దారిలో తను ఒకటే మాట: "నీది అటు, నాది ఇటు. ఇద్దరం ఇంట్లో పడుకున్నా లెక్క మారదు కదా రస్." ఓటెయ్యకపోతే జరిమానా పడుతుందని నేననేవాణ్ణి. "అయితే ఒకరికి బాగోకపోతే రెండోవాళ్ళు ఖాళీ కాగితం వెయ్యాలి. మాటేనా?" అనేది. మాటే అనేవాణ్ణి. ఎవరికీ ఎప్పుడూ బాగోకపోవడం జరగలేదు. ఓటింగ్ రోజున.

ఇదంతా టామ్సిన్‌కి చెప్పలేదు. సూపు బాగుంది. పుల్లలు సన్నగా ఉన్నాయి. వెళ్తూ కారు దగ్గర, "లోపల ఉండండి సార్, ప్లీజ్" అంది.

ఏప్రిల్ 20, సోమవారం

నోలీన్‌ని రేవు దగ్గర కలిశాను. గాలి కోసేస్తోంది. చేపల బండి దగ్గర గుల్లమాంసం కూరిన స్కాలప్ పైలు రెండు కొని ఒకటి నాకిచ్చింది. బల్ల మీద కూర్చున్నాం. సీగల్ పక్షులు మా చుట్టూ మూగాయి.

"నన్ను అడగడానికి వచ్చావు" అంది.

"ముందు తిననీ."

"తినరా నాయనా. ఎవరొద్దన్నారు?" తనూ ఒక ముక్క కొరికి, "నువ్వు అడిగితే వదిలేస్తాను రస్. నీ మాట నీకు తిరిగిచ్చేస్తాను. మా వాళ్ళు నన్ను చంపేస్తారు, అయినా ఇస్తాను. కానీ నువ్వు అడగాలి. నా అంతట నేను ఇవ్వను."

"కెస్టర్ ఒక్కరోజు వచ్చి వెళ్ళగలడా?"

"గాలి చూడు. నిన్న విమానం దిగలేక వెనక్కొచ్చింది. వస్తే మళ్ళీ వెళ్ళే సరికి..." తన పైలోంచి ఒక ముక్క తుంచి సీగల్‌కి విసిరింది. "నేను వాణ్ణి అడగలేదు. అడగను."

వాళ్ళ రేవుల బిల్లు సంగతి తీశాను. జనవరి చివర్లో ఓటుకొచ్చింది అది. ఆ రోజు ఆస్పత్రిలో ఉన్న నాకు జతగా నోలీన్ తనే బయట కూర్చుంది. వాళ్ళలో ఇంకొకడు దారిలో కారు చెడి ఆగిపోయాడు. ఒక్క ఓటు తక్కువై బిల్లు పోయింది. ఆమె ఎప్పుడూ నాతో ఆ ఊసు ఎత్తలేదు.

"దిక్కుమాలిన బిల్లు అది" అంది. "పోవాల్సిందే పోయింది."

"మంత్రి ఏమన్నాడు?"

"లోపలికి వెళ్ళి కూర్చోవే అన్నాడు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయన్నాను." లేచి బట్టలకి అంటిన పొడి దులుపుకుంది. "అడుగుతున్నావా మరి?"

నేను కారు ఎక్కడ పెట్టావని అడిగాను. కారు దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చాను.

అడగడానికే వెళ్ళాను. అడగడం మర్చిపోయాను.

ఏప్రిల్ 21, మంగళవారం

పొద్దున పార్టీ సమావేశం. నన్ను విప్ పదవి నుంచి తీసేశారు. చేతులెత్తి. టామ్సిన్ కొత్త విప్. మొదటి పనిగా జతలన్నీ రద్దు. వెళ్ళి నోలీన్‌కి చెప్పి వచ్చింది. వచ్చాక నీళ్ళగ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

"ఏమంది?" అని అడిగాను.

"నా భుజం తట్టి, ‘మాట తప్పడం నీకు ఇదే మొదటిసారా అమ్మాయ్’ అంది సార్. తిట్టి ఉంటే బాగుండేది."

డామియన్ వరండాలో ఆపాడు. "ఇప్పుడు ఆ మాట నీది కాదు. పార్టీ ఇచ్చింది, పార్టీ తీసుకుంది. నువ్వు మామూలు సభ్యుడివి. గురువారం నాడు నువ్వు సభ లోపల, నీ కుర్చీలో ఉంటావు."

"చూద్దాం."

"చూద్దాం కాదు రస్. ఉంటావు. లేకపోతే వచ్చే ఎన్నికల్లో నీకు టికెట్ లేదు, పార్టీలో చోటు లేదు."

చెయ్యి కలిపింది పార్టీ కాదు అనుకున్నాను.

ఏప్రిల్ 22, బుధవారం

కెస్టర్ తండ్రి ఇంకా ఉన్నాడట. మెరిల్ రెయిన్‌కోటు కారు వెనక సీట్లో ఉంది. వాన వచ్చేలా ఉంది, ఇవాళ తియ్యను.

ఏప్రిల్ 23, గురువారం

నాలుగింటికి గంటలు మోగాయి. ఓటింగు గంటలు మోగితే ఎక్కడున్నవాళ్ళూ పరిగెత్తుకుంటూ రావాలి. ఇసుక గడియారం కిందికి జారేలోపు లోపల ఉంటేనే ఓటు. తర్వాత తలుపులు వేసేస్తారు.

నేను తలుపుకి ఎదురుగా వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. దాక్కోవాలనిపించలేదు. మా వాళ్ళు ఒక్కొక్కరే నా ముందునుంచి వెళ్ళారు. కొందరు చూడలేదు. ఒకడు, నా పెళ్ళికి వచ్చినవాడు, "సిగ్గు లేదూ?" అన్నాడు. టామ్సిన్ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసి, లోపలికి వెళ్ళింది.

చివరికి డామియన్ బయటికి వచ్చాడు. మోకాళ్ళ మీద వంగి నా ముఖంలో ముఖం పెట్టాడు. "ఆమె ఉన్న వార్డు రస్. ఆ వార్డు."

"తెలుసు."

"వాడు నీ కోసం ఇలా కూర్చునేవాడా?"

"కూర్చోడు."

"మరి?"

నోలీన్ బయట కూర్చుని బిల్లు పోగొట్టుకున్న ఆ రోజు మధ్యాహ్నం మెరిల్ చాలాసేపు మెలకువగా ఉంది. ఆ తర్వాత అంతసేపు ఎప్పుడూ లేదు. కిటికీ తెరవమంది. తెరవడానికి వీల్లేని కిటికీ అది, స్క్రూలు బిగించేశారు. నా చిల్లర నాణెంతో స్క్రూలు తీశాను. దొంగతనం చేసినట్టు ఇద్దరం నవ్వుకున్నాం. చల్లగాలి వచ్చింది. ఆలుబుఖారా జాం ఈసారి నువ్వే పెట్టాలి, పంచదార తక్కువ వెయ్యి, అంది. ఇంకా ఏవో చెప్పింది. ఆ మధ్యాహ్నం నాకు నోలీన్ ఇచ్చింది. ఇది డామియన్‌కి ఎలా చెప్పాలి.

కాపలా ఆయన తలుపు మీద చెయ్యి వేసి నావైపు చూశాడు. "లోపలికా సార్, బయటేనా?"

"బయటే."

తలుపు వేశాడు.

పదహారు, పదహారు. తీర్మానం వీగిపోయింది. అరుపులు తలుపు దాటి వినబడ్డాయి. ముందుగా బయటికి వచ్చింది నోలీన్. నా పక్కన కూర్చుని అల్లిక తీసింది. ఇంకెవరూ ఆ బెంచీ మీద కూర్చోలేదు.

ఏప్రిల్ 24, శుక్రవారం

మర్చిపోలేదు.

నోలీన్ నాకు జత ఇచ్చినప్పుడు మినహాయింపు అడగలేదు. ఎన్నాళ్ళు అని కూడా అడగలేదు.

ఏప్రిల్ 29, బుధవారం

పార్టీ నుంచి ఉత్తరం వచ్చింది. ఊహించినదే.

సాయంత్రం కెస్టర్ గోర్లే వచ్చాడు. ముందు గుర్తుపట్టలేదు, గడ్డం పెరిగింది. చేతిలో మూత వేసిన ప్లాస్టిక్ బకెట్. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాన్న శనివారం పోయాడు."

"విన్నాను."

"ఉప్పులో వేసిన మటన్‌బర్డ్స్. పోయినేడాది ఆయనే వేశాడు." బకెట్ కింద పెట్టాడు. దీవిలో పట్టే ఆ సముద్రపు పక్షుల నూనె వాసన అప్పుడే ఇల్లంతా పట్టేసింది. మెరిల్‌కి ఆ పక్షుల వాసన పడదు. గేటు దాటి లోపలికి రానిచ్చేది కాదు.

"కూర్చో."

"లేదులే." తిరిగి వెళ్ళబోయి ఆగాడు. "నువ్వు పిచ్చివాడివి. నేనైతే నీ కోసం చెయ్యను. నిజం చెప్తున్నా."

"నాకు తెలుసు."

"తెలిసే చేశావా?"

"నీ కోసం కాదులే."

గుమ్మానికి చెయ్యి ఆనించాడు. "చివర్లో రెండు రోజులు మాట్లాడాడు. అంతా పడవల గురించే. ముప్పై ఏళ్ళ క్రితం పడవలు." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నవంబరులో నేనన్నది..."

"పక్షుల్ని ఎన్నిసార్లు ఉడకబెట్టాలి?" అని అడిగాను.

"మూడుసార్లు. ప్రతిసారీ నీళ్ళు పారబోయాలి."

వెళ్ళిపోయాడు. మూడుసార్లు ఉడకబెట్టాను, కిటికీలన్నీ తెరిచి. ఒకటి తిన్నాను. ఫరవాలేదు.

మే 3, ఆదివారం

ముఖ్యమంత్రి సభ రద్దు చేశాడు. ఆల్బీ లేకుండా ఒక్క బిల్లూ నెగ్గించలేక. మే 30న ఎన్నికలు. నా పేరు ఎక్కడా లేదు. నోలీన్ కూడా నిలబడటం లేదట. "ఇక నా మనవలకి మేజోళ్ళు అల్లుతా. వాళ్ళు ఎదురు మాట్లాడరు" అంది ఫోన్లో.

మే 11, సోమవారం

చెట్టున మిగిలిన పళ్ళు ఎప్పుడో రాలిపోయాయి. డీప్ ఫ్రీజర్లో మెరిల్ దాచిన ఆలుబుఖారాలు ఉన్నాయి. జాం పెట్టాను. పంచదార తక్కువ. గట్టిపడలేదు.

మే 30, శనివారం

మా వాళ్ళు గెలిచారు. మా వాళ్ళు అనే రాస్తున్నాను, అలవాటు. టామ్సిన్ ఫోన్ చేసింది, వెనక పాటలు, అరుపులు.

"గెలిచాం సార్! బాగా గెలిచాం. ఎవరి ఒక్క ఓటూ అక్కర్లేనంత."

"సంతోషం. ఆ వార్డు."

"మొదటి పని అదే. డామియన్ రేపే ప్రకటిస్తాడు."

"గుర్తు చేస్తూ ఉండు."

"చేస్తాను." గొంతు తగ్గించింది. "సార్, వాళ్ళ కొత్త విప్ అప్పుడే ఫోన్ చేశాడు. వాళ్ళ సభ్యురాలికి జులైలో పురుడట. జత అడుగుతున్నాడు. మా వాళ్ళు మీ వల్ల జరిగింది చాలు, ఎవరికీ ఇవ్వొద్దంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"రేపు చెప్తానన్నాను."

"రేపు చెప్పు మరి" అని పెట్టేశాను. అది ఆమె చేతిలో పని.

ఓటు పొద్దున్నే వేసి వచ్చాను. మేమిద్దరం ఎప్పుడూ వెళ్ళే స్కూలే. గేటు దగ్గర మా పార్టీ కుర్రాడు ఒక కరపత్రం ఇచ్చాడు, నన్ను చూసి చెయ్యి కొంచెం వెనక్కి తీశాడు. వాళ్ళ వైపు నోలీన్ పంచుతోంది, పోటీ చెయ్యకపోయినా అది మానలేదు. ఇద్దరివీ తీసుకున్నాను. ఓటేసేవాళ్ళకి ఎప్పుడూ సాసేజ్‌లు కాల్చి అమ్మే ఆవిడ, "మామూలుగా రెండేనా?" అని అడిగి, అన్నాక గుర్తొచ్చి, గరిటె కింద పెట్టేసింది. ఫరవాలేదమ్మా, ఒకటి చాలు అన్నాను.

లోపల అట్టపెట్టె బూత్‌లో పెన్సిల్ దారంతో కట్టి ఉంది. కాగితం మీద పేర్లన్నీ చదివాను. టామ్సిన్ పేరు ఉంది. వార్డు గుర్తొచ్చింది. మెరిల్ వాళ్ళ వైపు పేర్లు కూడా చదివాను. వెనక ఎవరో దగ్గారు.

మెరిల్ రాలేకపోయింది.

కాగితం ఖాళీగానే మడిచి పెట్టెలో వేసి వచ్చాను.